బర్రెనిచ్చి తెచ్చిన పడవ

మోతీలాల్ కోతలు మొదలుపెట్టే ముందు తనను తాను ఓసారి తిట్టుకుంటాడు. విత్తనం వేసే ముందు నేలకు ఎరువు చల్లినట్టన్నమాట. "నేను వట్టి మొద్దును" అని ఒక మనిషి తన నోటితో తనే ఒప్పుకున్నాక, ఆ తర్వాత వాడు చెప్పేదాన్ని అబద్ధమనడానికి ఎదుటివాడికి మొహమాటం అడ్డొస్తుంది. ఈ కిటుకు మోతీలాల్‌కు ఎవరూ నేర్పలేదు. చిన్నప్పటి నుంచి తిన్న తన్నుల మీద సొంతంగా సాధించుకున్నాడు.

ఆ ఆదివారం మాత్రం తిట్టుకుందామన్నా నోరు పెగల్లేదు. ఎదురుగా చాయ హోటలు బెంచీ మీద అన్న రామ్‌చందర్ కూర్చున్నాడు మరి.

రామ్‌చందర్ కారేపల్లి పక్క లంబాడీ తండా నుంచి కోడి కూయకముందే బయలుదేరి, బస్సు మీద బస్సు మారి, పత్తిగింజల చెక్క బస్తా ఒకటి భుజాన వేసుకొని దుమ్ముగూడెంలో దిగాడు. చెక్క తమ్ముడికి కాదు, తమ్ముడి బర్రెకు. మోతీలాల్‌కు గోదావరి ఒడ్డున ఎత్తిపోతల మోటార్ల కాడ ఆపరేటర్ నౌకరీ వచ్చి సంసారం ఇక్కడికి మార్చినప్పుడు, "పరాయి ఊళ్ళ పాలు కొనుక్కొని తాగుతరా, మన ఇంటి పేరు పోదా" అని తన కొట్టంలోంచి నొసట తెల్లచుక్క ఉన్న చుక్కిని విప్పి తోలిచ్చిన చెయ్యి ఆయనది. అట్లాంటి మనిషి నేరుగా తమ్ముడి ఇంటి వెనక కొట్టంలోకి పోయాడు. గాబు ఎండిపోయి ఉంది. గుంజకు పలుపు మాత్రం కట్టే ఉంది. పలుపు పట్టుకొని పోతే అది కొట్టం దాటి, గట్టు దిగి, నీళ్ళలోకి పోయింది. రామ్‌చందర్ గట్టిగా గుంజాడు. అవతలి కొసన ఒక తెరచాప పడవ తోకూపుకుంటూ వచ్చింది.

"ఇదేందిరా?" అన్నాడు రామ్‌చందర్.

"పడవ, అన్నా."

"బర్రె ఏది?"

"ఇదే, అన్నా."

రామ్‌చందర్ పలుపు కింద పడేశాడు. పడేసి తీర్పే చెప్పాడు. అన్న చేతి మీదుగా వచ్చిన పశువును అన్న నోటి మాట లేకుండా చేతులు మార్చడం వాళ్ళ ఇంట్లో తాతల నాటి నుంచీ లేదు. మార్చినా ఆ బేరం బేరం కాదు. "సాయంత్రం బస్సు నేనెక్కే లోపల బర్రె కొట్టంల ఉండాలె. ఈ మొద్దు ఎవలిదో వాళ్ళ ఇంటికి పోవాలె" అన్నాడు. మొద్దు అన్నది పడవనో తమ్ముణ్ణో మోతీలాల్‌కు అర్థం కాలేదు. అడిగే ధైర్యమూ లేదు.

ఇక ఆ బేరంలో రెండో పక్క ముత్యాలు. రేవులో పడవ నడిపేవాడు. డీజిలు ఇంజిను పడవ కొన్నాక, తండ్రి కాలం నాటి తెరచాప పడవ రేవులో ఊరికే నానుతుంటే, మోతీలాల్ వచ్చి బర్రెనిస్తానన్నాడు. ముత్యాలు భార్య రామక్కకు రేవు గట్టున చాయ హోటలుంది. పడవ పోయి బర్రె వస్తుందంటే ఆమె వద్దంటుందా? చుక్కి వచ్చినప్పటి నుంచి రామక్క చాయకు మీగడ కడుతోంది. అవతలి ఒడ్డు అడవి పల్లెల వాళ్ళు సంతకొచ్చి, పని లేకపోయినా హోటలు దాకా నడిచొచ్చి మరీ తాగి పోతున్నారు.

అందుకే రామ్‌చందర్ వచ్చి బెంచీ మీద కూర్చొని తీర్పు మళ్ళీ ఒకసారి చెప్పేసరికి, రామక్క చేతిలో గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. హోటలు వెనక వేపచెట్టు కింద కట్టేసి ఉన్న చుక్కి, పాత యజమాని గొంతు విని ఒకసారి తల తిప్పి చూసి, మళ్ళీ నెమరులో పడింది.

"పెద్దమనిషివి, నీ మాట ఎట్ల కాదంట?" అన్నాడు ముత్యాలు, మొహం వేలాడేసుకొని. "తీసుకపోన్రి."

ఆ పడవ ఎందుకు తెచ్చాడో అన్నకు చెప్పే వీలు మోతీలాల్‌కు లేదు. చెప్పాలంటే ఏమని చెప్పాలి? ఈ ఊరొచ్చిన కొత్తలో ముత్యాలు పడవలో అవతలి ఒడ్డుకు పోతుంటే, ఏటి నడుమ తెరచాపలో గాలి నిండగానే భార్య లాలి పకపకా నవ్వింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ నవ్వు మోతీలాల్ ఎప్పుడూ వినలేదు. బర్రె పోయినా సరే ఆ నవ్వు ఇంట్లో ఉండాలనుకున్నాడు. ఇది మీసాలున్న అన్నకు, అందునా పదిమందిలో చెప్పుకునే మాటేనా? "పెండ్లాం నవ్విందని బర్రెనిచ్చిండంట" అంటే తండాలో ముసలోళ్ళు చుట్టలు ఆర్పుకొని మరీ నవ్వరూ?

నిజం చెప్పే వీలు లేనప్పుడు మోతీలాల్‌కు తెలిసిన దారి ఒక్కటే.

"అన్నా," అన్నాడు గొంతు సవరించుకొని, "నేను వట్టి మొద్దును. ఈత రాదు. తెడ్డు ఏ దిక్కు పట్టుకోవాల్నో తెల్వది. మొదటిరోజు తలకిందులు పట్టుకొని తిప్పితే చూసినోళ్ళు పప్పు రుద్దుతున్నడనుకున్నరు. గసొంటి నేను ఆ పడవెక్కి లాలిని తీసుకొని, మొన్నొక ఆదివారం లంక దాకా పోయొచ్చిన. నా అసొంటి మొద్దునే తీసుకపోయి తీసుకొచ్చిందంటే, అది ఎసొంటి పడవ కావాలె చెప్పు!"

రామ్‌చందర్ చాయ ఊదుకున్నాడు. "పాలిస్తదా?"

ఆ ఒక్క మాటతో లంక మునిగిపోయింది. ఏటి నడుమ ఉన్న ఇసుక దిబ్బ, నాలుగు గడ్డి దుబ్బులు. అది బర్రెతో సరితూగదని మోతీలాల్‌కు అర్థమైంది. ఇంకొంచెం దూరం పోక తప్పదు.

"లంక కాడ ఆగినం అన్నానా నేను?" అన్నాడు. "లంక కాడ గాలి కొంచెం నిలబడ్డది అంతే. జెర సేపు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

బెంచీ చివర కూర్చున్న కరెంటు లైన్‌మన్ తిరుపతి, హోటలు గుంజకు అంటించిన రూపాయి బిళ్ళంత అద్దంలో తల దువ్వుకుంటున్నవాడు, దువ్వెన జేబులో పెట్టుకొని ఇటు తిరిగాడు. కరెంటు లేదు, పని లేదు. సెల్‌ఫోన్లు ఊళ్ళోకి వచ్చి సిగ్నలు ఇంకా రాని రోజులు. మోతీలాల్ కోతలకన్నా మంచి కాలక్షేపం దుమ్ముగూడెంలో లేదు.

"చెప్పు మోతన్నా," అన్నాడు. "యాడిదాక పోయినవ్?"

"ముందు తెరచాప సంగతి చెప్పాలె. ముత్యాలన్న ఇచ్చిన చాప చినిగి జల్లెడైంది గదా. లాలి ఏం జేసింది? పత్తి ఎండబోసే టార్పాలిన్ తీసుకున్నది, తన పాత లంగాలు రెండు కోసి దాని మీద కుట్టింది. మా ఆడోళ్ళ లంగాలంటే తెల్వదా, అద్దాలే అద్దాలు. అరచెయ్యి పెట్టే సందు లేదు. ఎండ దాని మీద పడంగనే అవతలి ఒడ్డు మీద మేకలు కాసేటోళ్ళు కళ్ళు మూసుకున్నరు. మోదుగు పూలు తెల్లారిందనుకొని ఇంకోసారి పూసినయ్. నేను 'పడవ కదులుతలేదే' అంటున్న, లాలి అదేదో పేరు పెట్టి గాలిని పిలిచింది. పిలువంగనే వచ్చింది గాలి! ముక్కుల నుంచి బుస్సుమనుకుంట వచ్చి, ముందు నిలబడి, లాగుడు మొదలుపెట్టింది సూడు..."

"ఆగాగు," అన్నాడు తిరుపతి. "గాలి ఎనకకెళ్ళి తోస్తది గని, ముందుకెళ్ళి లాగుతదా?"

మోతీలాల్ ఒక్క క్షణం తడబడ్డాడు. ఒక్క క్షణమే.

"తోసేది మామూలు గాలి. లాగే గాలి వేరే ఉంటది. ఏటి మీద బతికినోళ్ళకు తెలుస్తది. ఏం ముత్యాలన్నా?"

ముత్యాలు బర్రె పోతున్న దిగులులో ఉన్నాడు. కాని ఆ మాట విన్నాక దిగులులోంచి కొంచెం తల పైకెత్తాడు.

"ఇగ ఆనకట్ట వచ్చింది," అన్నాడు మోతీలాల్. "పడవ ఆగుతదేమో అనుకున్న. నా పిరికి పానం, కళ్ళు మూసుకున్న. ఆగలే! ఆనకట్ట మీదికెళ్ళి ఒక్క దుముకు దుమికి అవతల పడ్డది. లాలి చేతిల జొన్నరొట్టె ఉన్నది, రొట్టె మీద ఎర్రకారం ఉన్నది. కారం మీది నూనె సుత తొణకలే. కళ్ళు తెరిచి సూత్తును గదా, భద్రాచలం! స్నానాల ఘట్టం మీద జనం మా అద్దాల చాపను చూసి దండాలే దండాలు. ఎవలో కొబ్బరికాయ ఇసిరిండు, అది వచ్చి పడవలనే పడి రెండు చెక్కలైంది. నేను ఒద్దన్న, దేవుని సొమ్మని. లాలి ఆల్రెడీ తింటున్నది."

రామక్క కిసుక్కున నవ్వింది. రామ్‌చందర్ మీసం కదల్లేదు.

"కొబ్బరికాయ మంచిదే," అన్నాడాయన. "పడవ పాలిస్తదా?"

భద్రాచలం కూడా చాల్లేదు. సాయంత్రం బస్సు టైము దగ్గర పడుతోంది. ఇక దిగువకు పోవడమే.

"భద్రాచలంల దిగుదామనే అనుకున్నం. గని గాలికి ఊపొచ్చింది. కూనవరం దాటింది, పాపికొండలొచ్చినయ్. ఆడ ఏరు ఎంత సన్నగుంటదో చూసినోళ్ళకు ఎరుక. మా తెరచాప పట్టదు. నేను ఎనకకు మళ్ళుదామన్న. లాలి లేచి నిలబడి కొంగు సర్దుకొని, కొండలకు దండం పెట్టి, 'జెర జరుగున్రి, ఆడమనిషి పోతున్నది' అన్నది. ఆ కొండలు..." మోతీలాల్ తన బొజ్జ లోపలికి పీల్చి చూపించాడు. "గిట్ల! గిట్ల కడుపులు లోపలికి పీల్చుకున్నయ్. మేం దాటినంక ఇడిసిన ఊపిరికే రాజమండ్రి దాకా పోయి పడ్డం."

"అవ్ మల్ల," అన్నాడు తిరుపతి. "కొండలకు మర్యాద ఎక్కువ."

"ఆడ బ్రిడ్జి మీద రైలు పోతున్నది. రైలు గార్డు మమ్ముల చూసి పచ్చజెండా ఊపిండు. ఆయన ఊపినప్పుడు రైలు మా ముందున్నది. జెండా దించే వరకు రైలు మా ఎనక ఉన్నది. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? నాకు ఆకలైంది. నేను తిండిపోతును, ఇయ్యాళ కొత్తగ చెప్పేదేముంది? సద్ది విప్పితే కూరల ఉప్పు లేదు! లాలి మర్చిపోయింది. ఇంట్లనైతే నేను లొల్లి పెట్టేటోన్ని. గని లాలి ఏమన్నదో ఎరుకేనా, 'ఓపిక పట్టు, సముద్రం వస్తున్నది' అన్నది. వచ్చింది! రొట్టె సముద్రంల ముంచుకొని కూర నంజుకొని తిన్నం. ఉప్పు సరిగ్గ సరిపోయింది. లాలి అయితే 'జెర ఎక్కువైంది' అని మళ్ళ గోదారి నీళ్ళు కలుపుకున్నది."

ఈసారి రామ్‌చందర్ గ్లాసు నోటి దగ్గర ఆగింది. సముద్రం ఆయన చూడలేదు. తండాలో ఎవరూ చూడలేదు. మోతీలాల్ అది కనిపెట్టాడు. చేప ఎరను వాసన చూసింది. ఇక ఒడ్డుకు లాగాలి.

"అన్నా, సముద్రమంటే ఏమనుకుంటున్నవ్? మన తండా బావిల నీళ్ళు లేవని మన అవ్వ రోజూ తిట్టేది గదా, ఆ నీళ్ళన్నీ పోయి ఆడ దాసుకున్నయ్! లోపలికి పోతే భయమని, మేం ఒడ్డు పక్కపొంటి పోయినం. అంతర్వేది కాడికెళ్ళి కాకినాడ దాకా, ఎడమ చేతికి కొబ్బరిచెట్లు, కుడి చేతికి సముద్రం, నడుమ మేము. ఒడ్డు మీద పిల్లలు మాతోటి ఉరికిండ్రు. కొబ్బరిచెట్లు సుత నాలుగడుగులు ఉరికి, ఆయాసమొచ్చి ఆగినయ్. నేను ఈ కొసకు కూసున్న, లాలి ఆ కొసకు కూసున్నది. ఏం పని లేదు. దున్నుడు లేదు, మోటరు లేదు, పిలిచేటోళ్ళు లేరు. ఒక దినమంతా నీళ్ళ మీద..."

ఇక్కడ మోతీలాల్ గొంతు కొంచెం మెత్తబడింది. ఆ మెత్తదనం కోతలకు ప్రమాదమని తెలిసి, వెంటనే ఒక తిమింగలాన్ని తెచ్చాడు.

"అప్పుడు లేచింది తిమింగలం! మా హెడ్డాఫీసు బిల్డింగంత. నేను చచ్చిన్రా అనుకొని లాలి ఎనక దాక్కున్న, సిగ్గు లేకుంట చెప్తున్న. అది మమ్ముల మింగనీకె రాలే. తెరచాప అద్దాలల్ల మొకం చూసుకుంటున్నది! పుట్టినకాన్నుంచి దాని మొకం అది చూసుకోలే పాపం, సముద్రంల అద్దమెక్కడిది? ఇటు తిరుగుతది చూసుకుంటది, అటు తిరుగుతది చూసుకుంటది. ఆఖరికి లాలి ఒక అద్దం ఊడదీసి ఇస్తే, నోట్ల పెట్టుకొని పోయింది."

తిరుపతి అలవాటుగా గుంజ మీది అద్దం వైపు చూసి మళ్ళీ దువ్వెన తీశాడు. ముత్యాలు కూడా ఆ అద్దం వైపే చూశాడు. చూపు తిప్పలేదు.

"ఇగ అసలుది విను అన్నా," అని మోతీలాల్ బెంచీ ముందుకు జరిగాడు. "కాకినాడ కాడ ఒక ఓడ ఆగిపోయి ఉన్నది. మన ఇల్లందు బొగ్గంతా ఒక్కసారే పోసినా నిండని ఓడ. ఇంజిను చెడిపోయింది. తెల్లబట్టల కెప్టెన్ పైకెళ్ళి మొత్తుకుంటున్నడు. నేను ఏం జేసిన? మన చుక్కి పలుపు ఉన్నది గదా, నువ్వు పేనిన పలుపు, దాన్ని ఓడకు కట్టిన. లాలి గాలిని అదిలిచ్చింది. లాగినం! పలుపు తెగలే అన్నా! నీ చేతి పేనుడు! ఓడను గట్టుకు చేర్చినంక కెప్టెన్ నా చేతులు పట్టుకొని, 'ఈ ఓడ నీకిస్త, నీ పడవ నాకియ్యి' అన్నడు."

పొయ్యి మీద చాయ పొంగుతున్నా రామక్క చూడలేదు.

"నేను ఒక్కటే అడిగిన అన్నా," అన్నాడు మోతీలాల్. "'నీ ఓడ పాలిస్తదా?' అని అడిగిన. కెప్టెన్ తల దించుకొని 'ఇయ్యదు' అన్నడు. 'అయితే నాకొద్దు పో' అన్న. 'ఇది మా అన్న ఇచ్చిన బర్రెకు వచ్చిన పడవ. ఓడ గాదు, రేవునే ఇచ్చినా మార్చ' అన్న!"

రామ్‌చందర్ మీసం ఒక పక్క కదిలింది. అది నవ్వో కోపమో తేలేలోపు మోతీలాల్ ఆగి ఉంటే బాగుండేది. కోతలు కోసేవాడికి రాని విద్య అదొక్కటే.

"అప్పటికే పొద్దు వాలుతున్నది. ఇగ మళ్ళినం..."

"మోతన్నా," అన్నాడు తిరుపతి, "పోయేటప్పుడు గాలి దిగువకు లాగింది, సరే. వచ్చేటప్పుడు ఏటికి ఎదురు ఎట్ల వచ్చినవ్?"

"పిచ్చోడా! పాలు పితికే యాళ్ళయితే గాలి ఇంటికి మళ్ళకుంట ఉంటదా?"

అనేశాక గాని మోతీలాల్‌కు ఏమన్నాడో వినపడలేదు. ముత్యాలు గ్లాసు కింద పెట్టాడు.

"మోతన్నా, నువ్వు మొదలు లంక కాడ గాలి నిలబడ్డది అంటివి గదా."

"అవ్... నిలబడ్డది."

"నిలబడి ఏం జేసింది?"

"ఏం జేస్తది, జెర గడ్డి..."

"గడ్డి?"

"గడ్డి మీద ఆడింది. గాలి గడ్డి మీద ఆడదా?"

"లాలక్క పేరు పెట్టి పిలిస్తే వచ్చింది. ముక్కులకెళ్ళి బుస్సుమన్నది. ముందు నిలబడి లాగింది. గడ్డి కాడ ఆగింది. పాల యాళ్ళకు ఇంటికి మళ్ళింది." ముత్యాలు లేచి గుంజ దగ్గరికి పోయి ఆ చిన్న అద్దాన్ని గోటితో ఊడబెరికాడు. వెనక ఇంకా ఎర్రదారం పోగు వేలాడుతోంది. "మొన్న ఆ ఆదివారం పొద్దుగాల నా బర్రె గూటం పీక్కొని పోయింది. పొద్దుగూకినంక వచ్చింది. ఒంటి నిండ నాచు. మెడ మీద తాడు ఒరుసుకున్న గీత. పాలు చారెడే ఇచ్చింది. కొమ్ముకు ఈ అద్దం చిక్కుకొని ఉన్నది. అడివిల ఏమన్న దయ్యం పట్టిందేమోనని రామక్క దిష్టి తీసి, అద్దం మంచిగున్నదని ఈడ అంటించింది." అద్దాన్ని మోతీలాల్ మొహానికి ఎదురుగా పట్టాడు. "ఒక్కటే అడుగుత, నిజం చెప్పు. నీ గాలికి కొమ్ములున్నయా?"

ముందు రామక్క నవ్వింది. తర్వాత తిరుపతి బెంచీ మీద నుంచి జారి కింద కూర్చొని నవ్వాడు. పాపికొండలు, రాజమండ్రి రైలు, కాకినాడ ఓడ అన్నీ ఆ నవ్వులో కొట్టుకుపోయాయి. మిగిలింది లంక ఒక్కటే. దాని మీద ఒక బర్రె. మోతీలాల్ తనను తాను తిట్టుకుందామని నోరు తెరిచాడు గాని, అప్పటికే అందరూ ఆ పనిలో ఉన్నారు.

రామ్‌చందర్ మాత్రం నవ్వలేదు. "పడవ ఒక్క అడుగు సుత తన సత్తువ మీద పోలేదన్నమాట," అన్నాడు. "నా బర్రే గుంజింది."

"అవ్ అన్నా," అన్నాడు మోతీలాల్. ఇక కోయడానికి ఏమీ మిగల్లేదు.

సరిగ్గా అప్పుడే లాలి గట్టు ఎక్కి వచ్చింది, సద్ది గిన్నె నెత్తిన పెట్టుకొని. బావగారు కనపడగానే కొంగు ముక్కు దాకా లాక్కుంది. లాలి పుట్టిన ఇంట్లో, మెట్టిన ఇంట్లో కూడా, మొగుడి అన్నతో కోడలు ఎదురు నిలబడి మాట్లాడదు. ఆయనా ఆమెతో నేరుగా మాట్లాడడు. పెళ్ళయినప్పటి నుంచి వాళ్ళిద్దరి మధ్య ఒక్క మాట నడవలేదు. లాలి గిన్నె రామక్క చేతికిచ్చి, ఎవరివైపూ చూడకుండా హోటలు వెనక్కి పోయింది. ఆమెను చూడగానే చుక్కి నెమరు ఆపి, మెడ చాచి అరిచింది.

లాలి దాని నొసలు నిమురుతూ, బెంచీ దాకా వినపడేటట్టు దానితోనే మాట్లాడింది.

"చుక్కీ, నిన్నిచ్చిన పెద్దమనిషి వచ్చిండే. నిన్ను తోలుకపోతడంట. పోవే. గని పోయే ముందు ఆయనకు జరిగింది జరిగినట్టు చెప్పు. మీ అయ్య చెప్తే సముద్రమైతది. ఆనాడు గాలి లేదు. ఏటి నడుమకు పోయి, ఈయన తెడ్డు తిప్పితే గానుగ తిరిగినట్టు ఉన్నకాడనే తిరిగినం. నాకు భయమై నిన్ను పిలిచిన. నువ్వు యాడికెళ్ళి విన్నవో, ఈదుకుంట వచ్చినవ్. మెడల పలుపు వేస్తే ఒద్దనలే."

రామ్‌చందర్ గోదావరి వైపు చూస్తున్నాడు. చెవులు మాత్రం వేపచెట్టు కిందే ఉన్నాయి.

"ఇంకోటి చెప్పవే," అంది లాలి, గొంతు తగ్గించి. "తండాల పుట్టిన ఆడదాన్ని. నడిచొచ్చినకాన్నుంచి బిందె మీద బిందె పెట్టుకొని నేనే నీళ్ళను మోసిన. ఆ పడవల కూసున్న దినం నీళ్ళే నన్ను మోసినయ్. ఆ ఒక్క ముచ్చట కోసం మీ అయ్య నిన్నిచ్చిండు. తప్పయితే తప్పే అని చెప్పు."

హోటల్లో నవ్వు సద్దుమణిగింది. మోతీలాల్ నేల చూపులు చూస్తున్నాడు. తాను సముద్రం దాకా పోయి దాచిన ముచ్చట, ఆమె వేపచెట్టు దాటకుండా చెప్పేసింది.

రామ్‌చందర్ లేచాడు. చెక్క బస్తా భుజాన వేసుకొని చుక్కి దగ్గరికి నడిచాడు. లాలి పక్కకు జరిగింది. ఆయన కూడా బర్రె మొహంలోకి చూస్తూ బర్రెతోనే అన్నాడు.

"చుక్కీ, మీ అమ్మ చెప్పింది విన్న. మన అవ్వ సుత బిందె దించకుంటనే పోయింది. ఆమెను ఏ నీళ్ళూ మోయలే." కాసేపు దాని మెడ కింద గోకాడు. "నువ్వు ఈడనే ఉండు. ఇంట్లనయితే ఇద్దరికి పాలిస్తవ్. ఈడ ఊరందరికి ఇస్తున్నవ్. బేరం బేరమే అని చెప్పు. గని ఆదివారం ఆదివారం నిన్ను పడవ కాడికి పంపియ్యాలె అని ఆ ముత్యాలుకు చెప్పు."

"పంపుత, పంపుత!" అన్నాడు ముత్యాలు, బర్రె తనకు చెప్పేదాకా ఆగకుండా. రామక్క పొంగిపోయిన చాయను అప్పుడు చూసి, కెవ్వుమని పొయ్యి దగ్గరికి ఉరికింది.

రామ్‌చందర్ బస్తా మూతి విప్పి చుక్కి ముందు గుప్పెడు చెక్క పోశాడు. తర్వాత తమ్ముడి వైపు తిరిగాడు. మీసం ఈసారి రెండు పక్కలా కదిలింది.

"ఏంరా, చూస్తున్నవేంది? ఇప్పు పలుపు. సముద్రం దాకా ఒద్దు, లంక దాకా చాలు. పాలు పితికే యాళ్ళకు మళ్ళాలె."

ఆ పొద్దువాలు వేళ రేవులో ఉన్నవాళ్ళందరూ చూశారు. గోదావరి మీద ఒక బర్రె తల, దాని వెనక పలుపు, పలుపు వెనక పడవ. గాలి లేక వేలాడుతున్న తెరచాప నిండా అద్దాలు మెరుస్తున్నాయి. ముందు కొసన రామ్‌చందర్ పడవ అంచులు రెండు చేతులా పట్టుకొని కళ్ళు మూసుకొని కూర్చున్నాడు. నడుమ మోతీలాల్ తెడ్డు పట్టుకొని పప్పు రుద్దుతున్నాడు. వెనక కొసన లాలి కొంగు చాటున నవ్వుతోంది. ఆ నవ్వు ఒడ్డు దాకా వినపడింది.

సాయంత్రం బస్సు ఎక్కించడానికి మోతీలాల్ అన్న వెంట వెళ్ళాడు. రామ్‌చందర్ పంచె మోకాళ్ళ దాకా తడిసి ఉంది. కిటికీ పక్కన కూర్చొని, పక్క సీటు మనిషి అడక్కముందే పంచె పిండుకుంటూ గొంతు సవరించుకున్నాడు. బస్సు కదులుతుంటే ఆ మాటలు కిటికీలోంచి మోతీలాల్ చెవిన పడ్డాయి.

"నేను వట్టి మొద్దునయ్యా. ఈత రాదు. గసొంటి నేను ఇయ్యాళ పడవెక్కి..."